‘ఐ డోన్ట్ అగ్రీ’ అన్నందుకు ఎంక్వైరీ

అనకాపల్లి జిల్లా అయిన మరుసటి ఏడాది, వేసవి. బెల్లం మార్కెట్‌కి వెళ్లే దారిలో ఒక బట్టల కొట్టు మేడ మీద నా స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్ నడుస్తోంది. ఫ్యాను కింద నలభై కుర్చీలు, ఒక బోర్డు, ఎప్పుడూ గొంతు బొంగురుపోయి ఉండే నేను. అప్పటికి పదిహేనేళ్లుగా అదే పని. డిగ్రీ పిల్లలకీ, నర్సింగ్ పిల్లలకీ, ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్లకీ చెప్పాను గానీ ఫ్యాక్టరీ వాళ్లకి ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఏడాది ఒక మందుల ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. పేరు రాయను. రాస్తే వాళ్లకి ఊరికే ప్రచారం చేసినట్టవుతుంది.

హెచ్.ఆర్. మేనేజరు ఏసీ గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. విదేశాల నుంచి ఆడిట్ వాళ్లు వస్తారట. ఆడిట్ అంటే మందులు కొనే కంపెనీ మనుషులు వచ్చి, ఫ్యాక్టరీ అంతా తిరిగి, ఎవరు కనబడితే వాళ్లని ప్రశ్నలడగడం. వాళ్ల ముందు హెల్పర్లు నోరు తెరిచి నాలుగు ముక్కలు మాట్లాడాలి. బాగానే ఉంది. నేను పాఠాల వరస చెబుతున్నాను. పలకరింపులు, సూచనలు అర్థం చేసుకోవడం, సందేహం అడగడం, ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం. అక్కడ చెయ్యెత్తి ఆపాడు.

“ఆ చివరిది వద్దు మేడం. మావాళ్లకి తెలుగులోనే నోరెక్కువ. మళ్లీ ఇంగ్లిష్‌లో కూడా ఎందుకు?” అని తన జోకుకి తనే నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. అవునని తప్ప మరోమాట అనడం రాకపోతే అది భాష ఎలా అవుతుందండీ? అది సెల్యూట్ కొట్టడం. దానికి టీచరెందుకు? అయినా నోరు మూసుకుని వచ్చాను. ఆ పాఠం మాత్రం చెప్పి తీరాలని ఆ గది గుమ్మం దాటకముందే నిశ్చయించుకున్నాను.

క్యాంటీన్‌లో, షిఫ్టు అయ్యాక క్లాసు. ఎక్కువమంది ఆడవాళ్లే. చీడికాడ వైపు నుంచి, సబ్బవరం వైపు నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చేవాళ్లు. వాళ్లలో నూకరత్నం ఒకతె. ముప్పై అయిదేళ్లుంటాయి, పొడి మందులు తయారయ్యే సెక్షన్‌లో హెల్పరు. మొదటి రోజు నేను ఆమెని చూడకముందే ఆమె గొంతు విన్నాను. గేటు దగ్గర బస్సు డ్రైవరుని దులిపేస్తోంది. “ఏటయ్యా, కళ్లు నెత్తినెట్టుకున్నావేటి? పొద్దున్న సెయ్యెత్తితే ఆపకుండా ఎలిపోతావా? రేపు అలగే ఎల్లు, నీ సంగతి సూత్తాను!”

ఆ మనిషే క్లాసులో కూర్చుని, నేను ఇంగ్లిష్‌లో పలకరించేసరికి పైటకొంగు నోటికడ్డం పెట్టుకుంది.

“ఆర్ యూ నూకరత్నం?” అన్నాను.

“ఎస్ మేడం.”

“ఆర్ యూ ఎ డాక్టర్?”

“ఎస్ మేడం.”

“ఆర్ యూ ఫ్రమ్ లండన్?”

“ఎస్ మేడం.”

అందరూ పకపకా నవ్వారు, ఆమె కూడా నవ్వింది. తర్వాత మిగతావాళ్లని అడిగాను. నవ్వినవాళ్లందరూ లండన్ వాళ్లే అయ్యారు. ఇంగ్లిష్ చెవిన పడితే చాలు, తల ఊగిపోవడం. నవ్వొచ్చిన మాట నిజమే గానీ ఇంటికెళ్లి ఆలోచిస్తే భయమేసింది. రేపు ఎవరైనా ఏ కాయితం చూపించి “ఓకేనా?” అన్నా ఈ పిల్లలు ఎస్ అంటారు కదా!

మామూలుగా ఈ పాఠానికి రోల్ ప్లే చేయిస్తాను. అంటే తలా ఒక వేషం వేసుకుని మాట్లాడటం. నేను బాస్‌ని, మీరు నా మాట కాదనండి అంటే ఒక్కరూ కాదనలేదు. టీచరమ్మని కాదనడమేమిటని సిగ్గుపడ్డారు. చివరికి విసుగొచ్చి, “అనకాపల్లి బెల్లం ఏం బాగుంటుంది? నల్లగా, మట్టిముద్దలాగా. పంచదారే మేలు” అన్నాను, ఇంగ్లిష్‌లో, వాళ్లకి అర్థమయ్యేలా నెమ్మదిగా.

క్యాంటీన్ దద్దరిల్లింది. “నో మేడం! రాంగ్ మేడం!” నూకరత్నం కొంగు ఎప్పుడు జారిందో, లేచి నిలబడింది. వాళ్లది చెరుకు వేసే కుటుంబం మరి. “నో! బెల్లం గుడ్! యూ నో నో!” అని వేలు చూపించింది. నీకేమీ తెలీదు పొమ్మని ఆమె భావం. అమ్మయ్య అనుకున్నాను.

ఆ వేడి మీదే మాటలు నేర్పాను. మన దగ్గర అన్నిటికీ ‘గొడవ’ అనేస్తాం. ఇంగ్లిష్‌లో దానికి మెట్లున్నాయి. ఐయామ్ నాట్ షూర్ అంటే నాకు సందేహంగా ఉందని. ఐ డోన్ట్ అగ్రీ అంటే నేను ఒప్పుకోవడం లేదని. అక్కడివరకూ మర్యాదే. ఆర్గ్యూ అంటే వాదన. క్వారల్ అంటే కోపతాపాలతో తగువు. డిఫై అంటే పోవోయ్ అని ధిక్కరించడం. కాదనేముందు ‘ఐ సీ యువర్ పాయింట్’ అని ఒక ముక్క చేర్చాలి, మీరన్నది విన్నానని. దీన్ని మేం సాఫ్టెనర్ అంటాం, మాటని మెత్తబరిచేది. నూకరత్నానికి అది తెగ నచ్చింది. “ముందు ఎన్నరాసి తరవాత కారం పెట్టడం” అంది.

“మరి ఆడు మన మాట ఇనకపోతే ఏటి సెయ్యాల టీచరమ్మా?”

“మళ్లీ అదే చెప్పు. గొంతు పెంచకుండా.”

క్లాసులు అయిపోయిన కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం ఆమె మా మేడ మెట్లెక్కి వచ్చింది. డ్యూటీలో ఉండాల్సిన సమయం. కూర్చోమంటే కూర్చుంది, మంచినీళ్లు ఇస్తే తాగింది, అప్పుడు చెప్పింది.

“పొడి గదిలో గాలి లాగే ఫ్యాను ఆగిపోనాది టీచరమ్మా. లోపలికెల్తే గాటు, కళ్లు మండిపోతన్నాయి. ఇన్‌చార్జ్ సారు ఎల్లి తుడిసెయ్యమన్నాడు. ముందు తెలుగులోనే సెప్పేను. ఫ్యాను బాగుసేయించండి సారూ, అప్పుడెల్తాను అని. ‘ఇంగ్లీసు క్లాసుకెళ్లేవు కదా, ఇంగ్లీసులో చెప్పు, అప్పుడు వింటాను’ అని అందరి ముందూ ఎటకారం సేసేడు.”

“ఆయనకి తెలుగు రాదా?”

“రాకపోడమేటి? ఆడిది గాజువాకే!”

“అప్పుడేం చేశావు?”

“ఏటి సేత్తాను, సెప్పేను. ‘సర్, ఐ సీ యువర్ పాయింట్, బట్ ఐ డోన్ట్ అగ్రీ. ఫ్యాన్ నాట్ వర్కింగ్. ఫస్ట్ ఫ్యాన్, తరవాత ఐ గో’ అన్నాను. తరవాతకి ఇంగ్లీసు గుర్తుకు రానేదు. ఆడి మొకం మాడిపోనాది. పక్కనోళ్లు నవ్వేరు కదా, అదీ బాద.”

సస్పెండ్ చేశారు. మెమోలో ఏం రాశారంటే, పై అధికారితో క్వారల్ చేసిందట, ఆజ్ఞని డిఫై చేసిందట, అగ్రెసివ్‌గా మాట్లాడిందట. నేను ఏ మెట్టు ఎక్కొద్దని చెప్పానో ఆ మెట్లన్నీ ఆమెని వాళ్లే ఎక్కించేశారు!

“మా ఆయన సెరుకు తోటకే సరి. నెలనెలా ఇంటికొచ్చేది నా జీతం ఒక్కటే. పిల్లలిద్దరి సదువూ దాని మీదే నడుత్తంది” అంది. ఏడవలేదు. అంత గొంతున్న మనిషి అంత మెల్లగా మాట్లాడుతుంటే వినలేకపోయాను.

ఆ సాయంత్రమే హెచ్.ఆర్. మేనేజరు ఫోను. “మీరేం నేర్పారు మేడం మావాళ్లకి? వద్దన్న పాఠం చెప్పారటగా? సర్లెండి, ఎంక్వైరీకి రండి. అలాంటి మాటలు నేను నేర్పలేదు, అవి మొరటు మాటలు అని చెప్పండి చాలు. తర్వాతి బ్యాచ్ కూడా మీకే.” ఎంత తేలిగ్గా అన్నాడో! వస్తానన్నాను. ఏం చెబుతానో మాత్రం అనలేదు.

డొమెస్టిక్ ఎంక్వైరీ అంటే కోర్టు కాదు. కంపెనీయే తప్పు మోపి, కంపెనీయే ఒక వకీలుని తెచ్చి కూర్చోబెట్టి విచారణ జరిపించడం. పొడుగు బల్ల, నీళ్ల సీసాలు. ఒక చివర నూకరత్నం, ఇస్త్రీ చీరలో. వ్యవహారమంతా ఇంగ్లిష్‌లో. గదిలో ఉన్నవాళ్లలో తెలుగు రానివాడు ఒక్కడు లేడు!

వకీలు ఇన్‌చార్జ్‌ని అడిగాడు, ఆమె సరిగ్గా ఏమన్నదని. ఇన్‌చార్జ్ టై సర్దుకుని, “ఐ డోన్ట్ అగ్రీ సర్, అంది” అన్నాడు.

“సర్ అందా?”

“అంది. కానీ టోన్ బాలేదు.”

నా వంతు వచ్చింది. అప్పటికే నా బీపీ ఎక్కడుందో దేవుడికే తెలియాలి. “నేనే నేర్పాను. ఆ వాక్యంలో ‘సర్’ ఉంది. మీ మాట విన్నానన్న ముక్క ఉంది. ఎందుకు వెళ్లదో ఉంది, ఏం చేస్తే వెళ్తుందో ఉంది. డిగ్రీ చదివినవాళ్లు ఇంత బాగా చెప్పరు. క్వారల్ అంటే ఇది కాదు. కావాలంటే ఇప్పుడు నేను చేసి చూపిస్తాను. ఒక్క ‘తరవాత’ మాత్రం తెలుగులో అంది. దానికి శిక్ష వెయ్యాలంటే నాకు వెయ్యండి!” అన్నాను. మేనేజరు నాకేసి చూడటం మానేశాడు. ఇక వెళ్లొచ్చన్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు.

తర్వాత సాక్షి పైడితల్లి. నూకరత్నంతో పాటే పొడి గదిలో పనిచేసే అమ్మాయి, నా క్లాసులోనే కూర్చుంది.

“డిడ్ షి క్వారల్ విత్ హిమ్?” అన్నాడు వకీలు.

“ఎస్ సార్.”

“డిడ్ షి షౌట్?”

“ఎస్ సార్.”

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంతలో నూకరత్నం చెయ్యెత్తింది. సాక్షిని ప్రశ్నించే హక్కు ఆమెకి ఉంటుంది, ఆ మాట నేనే ముందుగా చెప్పి ఉంచాను. పైడితల్లి మీద విరుచుకు పడుతుందేమోనని భయపడ్డాను.

“ఒలే పైడితల్లీ, బయపడకు. నాను నిన్నేటీ అనను. ఆ దినం పొడి గదిలో ఫ్యాను తిరుగుతందా?”

“ఇంగ్లిష్ ప్లీజ్” అన్నాడు ఇన్‌చార్జ్.

నూకరత్నం అతనికేసి చూసి, మళ్లీ అడిగింది. “ఫ్యాన్ వర్కింగ్?”

“నో” అంది పైడితల్లి.

“ఐ షౌట్?”

పైడితల్లి మేనేజరుకేసి ఒకసారి చూసింది. “నో.”

వకీలు పెన్ను కింద పెట్టేశాడు. ఇంగ్లిష్ కూడా పక్కన పెట్టేశాడు. “ఏమ్మా, ఇందాక నేనడిగితే అన్నిటికీ ఎస్ అన్నావు?”

“ఏటడిగినా ఎస్ సార్ అనేయ్, మరో మాట అనకు అని హెచ్చార్ సారు సెప్పేరండి” అంది, ఎంతో మర్యాదగా.

వకీలు టీకి లేచాడు. మేనేజరు నూకరత్నాన్ని కిటికీ దగ్గరకి పిలిచి, నేను వినేలాగే అన్నాడు. “ఎందుకమ్మా ఇదంతా? ఒక్క సారీ చెప్పెయ్. రేపు పొద్దున్న డ్యూటీకి వచ్చెయ్.”

ఆమె నాకేసి చూసింది. నేనేం చెప్పగలను? ఆమె పిల్లల ఫీజులు నేను కడతానా? తలొంచుకున్నాను.

“దేనికి సారీ అండి? ఫ్యాను ఆగిపోయినందుకా? అది నాను ఆపలేదు కదండి” అంది. ఆయన ఏదో అనబోయాడు. “ఐ డోన్ట్ అగ్రీ, సర్” అంది. గొంతు పెంచలేదు.

కొద్దిరోజులకి మెమో వెనక్కి తీసుకున్నారు. తప్పయిపోయిందని మాత్రం ఎవరూ అనలేదు, పైగా ఇకముందు జాగ్రత్తగా ఉండమని ఆమెకే చెప్పారు. అట్టపెట్టెల సెక్షన్‌కి మార్చారు. ఇన్‌చార్జ్‌ని ఒక్క మాట అన్నవాడు లేడు. ఫ్యాను మాత్రం చడీచప్పుడు లేకుండా బాగుచేయించారు. ఆమె అన్నది తప్పయితే ఎందుకు చేయించినట్టు? తర్వాతి బ్యాచ్ వేరేవాళ్లకి ఇచ్చారు. నాకు ఇస్తారని నేనూ అనుకోలేదు.

పదిహేనేళ్లుగా ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజు ఒకటే చెప్పేదాన్ని. ఇంగ్లిష్ వస్తే ధైర్యం వస్తుంది, ఎదుటివాళ్లు మన మాట వింటారు అని. ఇప్పుడు ఆ మాట చెప్పడం మానేశాను. నూకరత్నానికి ధైర్యం నేను ఇవ్వలేదు, అది ఆమె దగ్గర ముందునుంచీ ఉంది. తెలుగులో చెబితే ఇంగ్లిష్‌లో చెప్పమన్నారు, ఇంగ్లిష్‌లో చెబితే తగువులమారి అన్నారు. ఏ భాషలో చెప్పినా వాళ్లకి పడనిది ఆమె కాదనడమే. తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు అంతే మంట.

ఇప్పుడు ఏ ఫ్యాక్టరీ వాళ్లు పిలిచినా ఒక షరతు పెడుతున్నాను. కాదనే పాఠం ఉన్న రోజు ఇన్‌చార్జ్‌లు, మేనేజర్లు కూడా వచ్చి హెల్పర్ల పక్కనే కూర్చోవాలి. “వాళ్లకి ఇంగ్లిష్ వచ్చు కదా మేడం, వాళ్లకెందుకు?” అంటారు. వచ్చు, చెప్పడం వచ్చు, వినడం నేర్పుతానంటాను. మళ్లీ ఫోను చేస్తామంటారు. ఇంతవరకు ఒక్కరూ చెయ్యలేదు.