గవాహి వద్దన్న నస్రీన్

2024 ఏప్రిల్. తాండూరులో మా డిగ్రీ కాలేజీ ఇంగ్లిష్ విభాగం అంటే రెండు బీరువాలు, ఒక పొడవాటి టేబుల్, కరెంటు ఉన్నప్పుడు తిరిగే ఫ్యాను. నేను వికారాబాద్ నుంచి రోజూ రైల్లో వచ్చి వెళ్తాను. ధారూర్ స్టేషన్ వచ్చేలోపు ఆ రోజు పాఠం చూసుకోవడం, దాటాక పక్కసీటు వాళ్ల మాటల్లో తలదూర్చడం నా అలవాటు. లెక్చరర్‌గా చాలా ఏళ్లు నెగ్గుకొచ్చాను కానీ, ఆ ఏప్రిల్‌లో జరిగిన ఒక వైవాను మాత్రం మరిచిపోలేను.

చివరి సెమిస్టర్‌లో మేం ‘ఎర్లీ అమెరికన్ లిటరేచర్’ అనే పేపర్ చెప్తాం. అమెరికా ఇంకా దేశం కాకముందు, అయిన కొత్తలో అక్కడివాళ్లు రాసుకున్న డైరీలు, ప్రసంగాలు, ఆత్మకథలు, కవితలు అందులో ఉంటాయి. “తాండూరు పిల్లలకు అదంతా ఎందుకు మేడం?” అని రైల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నాకు చర్రున కోపం వస్తుంది. తాండూరు పిల్లలకు తాండూరు బండల గురించి తప్ప ఇంకేం తెలియకూడదా?

ఆ పేపర్‌లో ఒక పాఠం పిల్లలకు ఎప్పుడూ ఇట్టే అర్థమవుతుంది. బానిసలుగా బతికినవాళ్లు పుస్తకం రాస్తే, అది వాళ్లే రాశారని తెల్లవాళ్లలో పెద్దమనుషులు సంతకం చేసి ఇవ్వాల్సి వచ్చేది. ఆ మాటను పుస్తకం ముందు అచ్చు వేసేవారు. దాన్ని అటెస్టేషన్ అంటారు. “అంటే గెజిటెడ్ సంతకమే కదా మేడం!” అని ఆ ఏడాది కూడా క్లాసంతా నవ్వింది. మన సర్టిఫికెట్ మనదేనని చెప్పడానికి ఎవరో తెలియని ఆఫీసర్ చుట్టూ తిరిగినవాళ్లే అందరూ. నవ్వనిది నస్రీన్ ఒక్కతే.

“రాసింది వాళ్లాయె, గవాహి ఇంకొకలదా మేడం?” అంది. గవాహి అంటే సాక్ష్యం. “చదివినోళ్లకు కండ్లు లేవా?”

నస్రీన్‌ది పెద్దేముల్. వాళ్ల నాన్న జహంగీర్ భాయ్ తాండూరుకు షేర్ ఆటో నడుపుతాడు. నస్రీన్ ఆ ఏడాది హైదరాబాద్‌లో ఎం.ఏ. ఇంగ్లిష్ చదవాలని ఎంట్రన్స్‌కు తయారవుతోంది. డిగ్రీలో ఒక్క ప్రాజెక్ట్ ఆగినా సీటు వచ్చి కూడా చేరడానికి వీలుండదు. అది ఇంట్లో అందరికీ తెలుసు, ఆటోలో ఎక్కేవాళ్లకు కూడా తెలుసు. జహంగీర్ భాయ్ నోట్లో మాట దాగదు.

ప్రాజెక్ట్‌కు ఆమె తీసుకున్న విషయం ఆ కాలపు వలస రైతుల డైరీలు. వాళ్లు ప్యూరిటన్లు, అంటే మతనిష్ఠ కోసం ఇంగ్లండ్ వదిలి సముద్రం దాటినవాళ్లు. వాన పడితే దేవుడి దయ, ఆవుకు జబ్బు చేస్తే దేవుడి హెచ్చరిక. ప్రతిదానికీ ఒక అర్థం రాసుకునేవాళ్లు. “మా దాదీమా గిట్లనే మేడం,” అంది నస్రీన్ మొదటి రోజే. “ఆటో టైరు పంక్చరైతే కూడ అల్లా ఏం చెప్తుండో ఆలోచిస్తది.” అక్కడే దొరికింది ఆమెకు ప్రాజెక్ట్. రాసిందల్లా ముందు దాదీమాకు ఉర్దూలో చెప్పేది. ఆ నాయనమ్మకు అర్థం కానిది కొట్టేసి, మిగిలింది ఇంగ్లిష్‌లో రాసేది. అందుకే వాక్యాలు చిన్నవి, శుభ్రంగా ఉండేవి. సాయంత్రం నా రైలు వచ్చేదాకా స్టేషన్ బెంచీ మీద ఇద్దరం కూర్చుని ఒక్కో పేజీ దిద్దేవాళ్లం. దిద్దేవాళ్లం అంటున్నానే గానీ, సగం రోజులు నేను చదివి ఊరుకునేదాన్ని.

వైవాకు ఎక్స్‌టర్నల్ వచ్చారు. అంటే వేరే కాలేజీ నుంచి పరీక్షించడానికి వచ్చే అధ్యాపకుడు. వయసులో పెద్దాయన, మర్యాదస్తుడే. కానీ నస్రీన్ వంతు రాగానే ఫైలు నా వైపు తిప్పారు. మనిషి రాసిందా, మెషిన్ రాసిందా అని చూసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. అది మెషిన్ రాసిందని ఆ ప్రాజెక్ట్ మీద ఎర్రగీత పెట్టిందట.

“నిప్పు లేనిదే పొగ రాదు కదండీ,” అన్నారాయన. “మిగతా ప్రాజెక్టులన్నీ ఒకేలా ఉన్నాయి. ఇదొక్కటే వేరేగా ఉంది.”

నాకు ఒళ్లు మండిపోయింది. ఒకే గైడ్ పుస్తకం చూసి దింపినవాళ్లందరూ దొరలైపోయారు, సొంత బుర్ర పెట్టిన పిల్ల దొంగయింది! ఆ మాట అనబోయి, పిల్ల భవిష్యత్తు గుర్తొచ్చి మింగేశాను. బెంచీ మీద మేం చేసిన పనంతా చెప్పాను. ఆయన అంతా విని, “అయితే ఆమె స్వయంగా రాసిందని, మీ కళ్లముందే దిద్దుకుందని ఒక కాగితం మీద రాసి సంతకం చేయండి. పాస్ మార్కులు వేస్తాను, గొడవ ఉండదు,” అన్నారు.

పాస్ అయితే చాలు, ఎం.ఏ. దారి మూసుకుపోదు. నేను రాయబోయేదీ అబద్ధం కాదు. తెల్లకాగితం తీసుకుని పెన్ను మూత తీశాను. నస్రీన్‌ను లోపలికి పిలిచి సంగతి చెప్పాను. మొహం తెల్లబోయింది. నా చేతిలో పెన్ను వైపు చూసింది.

“మీరు సంతకం పెట్టకుండ్రి మేడం.”

“పిచ్చిదానా, పాస్ చేస్తానంటున్నారు.”

“గవాహి ఎందుకు మేడం? మనిషినే ఈడ నిలబడ్డ కదా. సార్, నేను సూడని పేజీ ఏదన్న ఒకటి ఇయ్యుండ్రి. చదివి చెప్త. చెప్పకపోతె ఫెయిల్ చెయ్యుండ్రి.”

చేతికి అందిన పాస్‌ను ఈ పిల్ల నా కళ్లముందే విసిరికొడుతోంది. తిట్టాలనిపించింది. అంతకు రెండింతలు ముద్దు పెట్టుకోవాలనిపించింది. రెండూ చేయలేక పెన్ను మూత పెట్టేశాను.

ఎక్స్‌టర్నల్ గారు ఆమెను కిందికీ మీదికీ చూసి, సంచీలోంచి తాను క్లాసులో చెప్పే పుస్తకం తీశారు. అందులో పేరు తెలియని ఒక వలస రైతు డైరీలోంచి ఒక పేజీ తెరిచి ఇచ్చారు. నస్రీన్ నిలబడే చదివింది. ఒక మాటకు అర్థం తెలియక ఆయన్నే అడిగింది. ఆయన చెప్పారు. మళ్లీ మొదటి నుంచి చదివింది. ఫ్యాను ఆగిపోయింది. నేను చీర కొంగుతో విసురుకుంటూ, మనసులో తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను.

ఆ పేజీలో ఉన్నది ఇదీ: ఒకనాడు ఆవుకు జబ్బు, అది దేవుడి హెచ్చరిక. ఒకనాడు వాన, అది దేవుడి దయ. ఇంకోనాడు, పొద్దున చిన్నకూతుర్ని పూడ్చిపెట్టాం, మధ్యాహ్నం పొరుగువాళ్లతో కలిసి గడ్డి ఇంటికి చేర్చాం. అంతే.

“ఆ తండ్రి గురించి ఏం చెప్తావు?” అని అడిగారాయన. “కఠినాత్ముడు అంటారు చాలామంది.”

నస్రీన్ ఇంగ్లిష్‌లో మొదలుపెట్టింది. తడబడింది. ఒక వాక్యం సగంలో తెగిపోయింది. “తెలుగులో చెప్పమ్మా,” అన్నారాయన. ఆ మాటతో ఆయన మీద నా కోపం సగం చల్లారింది.

“కఠినం కాదు సార్. ఆవు జబ్బు పడితె దేవుని పేరు రాసిండు. వాన పడితె రాసిండు. బిడ్డ సచ్చిపోయిన దినం మాత్రం రాయలే. గా ఒక్క దినం దేవుడు ఏం చెప్తుండో అడగలే. అడిగితె ఏం జవాబొస్తదో అని భయపడ్డడు.” పేజీ మీద వేలు పెట్టింది. “మా దాదీమా టైరు పంక్చరైతె అర్థం చెప్తది సార్. మా మేనత్త, అంటె ఆమె సొంత బిడ్డ, పోయిన దినం ఏం చెప్పలే. బర్రెకు గడ్డేసిన్రా అని మాత్రం అడిగింది.”

నాకు కళ్లు నిండాయి, దాచుకోలేదు కూడా. ఎక్స్‌టర్నల్ గారు పుస్తకం వెనక్కి తీసుకుని ఆ పేజీ మళ్లీ చదువుకున్నారు. జేబులోంచి పెన్సిల్ తీసి పక్కన ఏదో రాసుకున్నారు. తర్వాత ఆమె ప్రాజెక్ట్ మొదటి పేజీ తిప్పి, ఈసారి నిజంగా చదవడం మొదలుపెట్టారు. నడుమ నడుమ ప్రశ్నలు అడిగారు, ఒకటి రెండింటికి ఆమె తెలియదనే చెప్పింది. బయట తక్కినవాళ్లు కాచుకుని ఉన్నారని నేనే ఆయనకు గుర్తుచేయాల్సి వచ్చింది.

“ఎర్రగీత సంగతి నేను రాసి పంపుతాను, మీకు బాధ్యత లేదు,” అన్నారు నాతో. నస్రీన్ వైపు తిరిగి, “నువ్వు చెప్పిన మాట నేను మా క్లాసులో చెప్పొచ్చా?” అని అడిగారు.

“చెప్పుండ్రి సార్,” అంది నస్రీన్. “కానీ నా పేరు చెప్పి చెప్పుండ్రి.”

ఆయన పెద్దగా నవ్వి, పెన్సిల్‌తో రాసుకున్నదాని కింద ఆమె పేరు కూడా రాసుకున్నారు. స్పెల్లింగ్ అడిగి మరీ రాశారు.

గేటు దగ్గర జహంగీర్ భాయ్ ఆటో పెట్టుకుని నిలబడ్డాడు. ఏదో సంతకం గొడవ జరుగుతోందని ఎవరో చెప్పారట. నన్ను చూడగానే ఎదురొచ్చాడు. “ఏం ఫికర్ చెయ్యకుండ్రి మేడం. గెజిటెడ్ సంతకమైతె పశువుల డాక్టర్ సారు రోజూ నా ఆటోలనే వస్తడు. ఇప్పుడే పోయి పెట్టిస్త.”

“పశువుల డాక్టరూ వద్దు, ఎవరూ వద్దు,” అన్నాను నవ్వాపుకోలేక. “మీ బిడ్డే మాట్లాడి గెలిచింది.”

ఆయన వెనకసీటు తుడిచి, నా వెనకే వచ్చిన నస్రీన్‌తో “ఎక్కు బిడ్డా,” అన్నాడు. రోజూ ముందు తండ్రి పక్కన ఇరుక్కుని కూర్చునే పిల్ల ఆ రోజు వెనకసీట్లో దర్జాగా వెళ్లింది. పెద్దేముల్ దాకా ఎక్కినవాళ్లందరూ ఆ కథ విన్నారని నస్రీన్ మర్నాడు తలపట్టుకుని చెప్పింది.

జూన్ తర్వాత ఎం.ఏ.లో చేరింది. ఇప్పుడు చివరి సంవత్సరం. ముంజేతి కంకణానికి అద్దమెందుకు అంటారు. ఇన్నేళ్లు పాఠం చెప్పీ, ఆ రోజు నేను అద్దం పట్టడానికి సిద్ధపడ్డాను. మంచి మనసుతోనే, ఆమె మేలు కోరే. అయినా ఆమెకు కావలసింది నా మంచి మాట కాదు, తన మాట వినే చెవి. ఆ వైవా తర్వాత ఎవరి రాత మీదైనా అనుమానం వస్తే సాఫ్ట్‌వేర్ జోలికి పోవడం లేదు. పిల్లలను కూర్చోబెట్టి, చూడని పేజీ ఒకటి చేతికిచ్చి, వింటున్నాను. కొందరు దొరికిపోతారు. కొందరు నన్ను ఆశ్చర్యంలో ముంచెత్తుతారు.

ఆ రైతు డైరీ పేజీ కూడా నా పాఠంలో చేరింది. గడ్డి మోసిన ఆ తండ్రి దగ్గరకు వచ్చేసరికి క్లాసులో ఎవరో ఒకరు, ఇంత రాతిగుండె ఏంటి మేడం అంటారు. అప్పుడు జవాబు చెప్తాను. చెప్పేముందు బోర్డు మీద ఒక పేరు రాస్తాను: నస్రీన్, పెద్దేముల్.