ఎల్లప్ప అంగ

తిరుపతి బజారులో నడిచినా ఎల్లప్ప అంగ మారదు. ముప్పై ఏళ్లు రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసి, పట్టాల కింద సమదూరంలో పరిచిన కొయ్య దిమ్మెల మీద ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచిన కాళ్లవి. పొట్టి మనిషి కనుక ప్రతి అడుగూ కాస్త సాగదీసి వేస్తాడు. "ఈడ దిమ్మెలు యాడుండాయప్పా?" అని అంగళ్లవాళ్లు నవ్వుతారు. కుమ్మరికి చేతిలో కొలత ఉన్నట్టు, ఇతనికి కాలిలో ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, ఎల్లప్ప పనిచేసిన ఏర్పేడు అవతలి చిన్న లైను ఇనుము కోసం పీకేసి, స్టేషనునూ పడగొట్టారు. ఇప్పుడక్కడ ఆదిమూలం వేరుసెనగ చేను. వానలేని ఆ ఏడు ఊరి బావి ఎండింది. నాలుగిళ్లవాళ్లు వలసకు మూటలు కట్టారు. బండతో మూసిన పాత స్టేషను బావి మాత్రం ఆ చేనులో మట్టికింద ఎక్కడో ఉంది. అంగలు లెక్కపెట్టి చోటు చూపిస్తానన్నాడు ఎల్లప్ప.

"నీ కాళ్లను నమ్మి చేనంతా తవ్వాల్నా? ఒక్క గుంతే!" అన్నాడు ఆదిమూలం.

ఎల్లప్ప చేని గట్టున మిగిలిన పాత రైలు మైలురాయికి వీపు ఆనించి, కళ్లు మూసుకుని బయలుదేరాడు. తెరిస్తే చేను కనబడుతుంది, మూస్తేనే స్టేషను. రెండువందల పన్నెండో అంగ దగ్గర ఆగి, ఎడమకు మూడడుగులు వేసి, మడమతో నేలను తొక్కాడు. "ఈడ."

మోకాలిలోతు తవ్వగానే గడ్డపార ఠంగుమంది. బండ జరిపితే చల్లగాలి కొట్టింది. ఎల్లప్ప కూతురు గంగులమ్మ తాడుకట్టి దించిన చెంబు నిండుగా పైకొచ్చింది.

"ముందు నువ్వు తాగు నాయనా!"

ఎల్లప్ప అక్కడ లేడు. చేనులో మళ్లీ కళ్లు మూసుకుని అంగలు వేస్తున్నాడు.

"ఉండమ్మే, టిక్కెట్ల కిటికీ యాడుండాదో సూసొస్తా."