శాంతమ్మవ్వకు అడ్డం కట్టిన గోడ

నలుగురు మనుషులు నన్ను చెక్క పలక మీద వెల్లకిలా పడుకోబెట్టి ఎత్తుకున్న నాటికి నా వయసు ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. ఒంట్లో ఏ జబ్బూ లేదు, పైగా మంచి ఆకలి మీదున్నాను. అయినా ఆ పూట పాల్మాకులలో నా పరువుకు అంత్యక్రియలు జరిగిపోయాయి. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మీరు నవ్వకపోయినా మా ఊరివాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

డెబ్బైల నాటి మాట ఇది. శంషాబాద్ మీదుగా అప్పుడు విమానాలు కాదు, ఎర్రబస్సులు పోయేవి. మా చర్చి ఒక చిన్న పెంకుటిల్లు. గుమ్మంలో తల వంచడం మరిచిపోతే పాస్టరయ్య కంటే ముందు దర్వాజే నెత్తి మీద ఆశీర్వాదం ఇచ్చేది. కొత్త చర్చి కట్టాలని సంఘం అనుకోగానే నక్షా గీసే పని నేను మీదేసుకున్నాను. "నేను ఇంజనీర్ని" అన్నాను అందరితో. సరే, ఒప్పుకుంటాను: పట్నంలో ఒక ఇంజనీరు ఆఫీసులో గుమాస్తాని. వాళ్ళు గీసిన నక్షాలు చుట్టి బీరువాలో పెట్టేవాణ్ణి. హోటల్ పక్కన కాపురముంటే వంట వచ్చేసినట్టు అనుకున్నాను.

మా ఆడవాళ్ళకో అలవాటుంది. ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం దేవుడి పేరున పక్కకు తీస్తారు. ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేసి, అమ్మి, కొత్త చర్చికి పునాది రాయి తెప్పించింది శాంతమ్మవ్వ. సంఘంలో అందరికంటే పెద్దది. ఆమె భర్త పోయినప్పుడు పాత చర్చి గుమ్మంలో శవం పెట్టె పట్టలేదు. బయట వానలోనే, తాటిపత్రి పట్టా కింద నాలుగు మాటలు చెప్పి సాగనంపారు. అది ఆమె గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

"నన్నన్న లోపట పెట్టి పాట పాడుండ్రి బిడ్డా. గంతే, ఇంకేం అడుగ" అనేది.

"నీకు రాజదర్వాజ పెట్టిస్తనవ్వా" అని మాటిచ్చాను. పెట్టించాను కూడా. ఏనుగు పట్టేంత దర్వాజ! (ఏనుగు కాదులెండి, దున్నపోతు.) అయితే నా బుర్ర అక్కడితో ఆగలేదు. ప్రసంగం మధ్యలో జనం బయట మేసే మేకలను చూస్తుంటారని నాకు ఎప్పటినుంచో బాధ. సినిమా హాల్లో తెర మీద వెలుతురు పడకుండా గుమ్మం దాటగానే ఒక మలుపు ఉంటుంది చూశారూ, అలాగే దర్వాజ లోపల అడ్డంగా ఒక గోడ లేపించాను. పాస్టరయ్యకు మేకల పోటీ తప్పించానని ఛాతీ విరుచుకుని తిరిగాను.

కప్పు వేసే ముందు ఒక ఆదివారం సంఘమంతా చూడడానికి వచ్చింది. కోట చూపించే నవాబులా నేను ముందు నడిచాను. అవ్వ మలుపు దగ్గర ఆగి, కర్రతో ఈ గోడనూ ఆ గోడనూ తట్టింది.

"ప్రభుదాసూ, నా పెట్టె ఈడ ఎట్ల తిరుగుతదిరా?"

"తిరుగుతదవ్వా. నక్షాల అంత చూసిన."

"నక్షాల నన్ను పండవెట్టి చూసినవా?"

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నాకు రోషం వచ్చింది.

"జర నిలవెట్టి తిప్పితె అయిపాయె! ఒక్క నిమిషం పని."

అవ్వ నవ్వలేదు. "బతికినన్ని దినాలు నిలవడే ఉన్న కొడుకా. కూలికాడ, బస్సుకాడ, బియ్యం దుకాణంకాడ. సచ్చినంక గూడ నిలవెడ్తవా నన్ను?"

అందరి నవ్వూ ఆగిపోయింది. అప్పుడే "తప్పయింది అవ్వా" అని ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది. నేనేమో, "పండుకోని పోవచ్చు, సూపిస్త! పలక తెండ్రి!" అని అరిచాను. మేస్త్రీ ఎల్లయ్య పలక తెచ్చాడు. నేనే దాని మీద పడుకుని చేతులు ఛాతీ మీద పెట్టుకున్నాను. నలుగురు ఎత్తారు. దర్వాజ దాటారు. మలుపులో నా తల ఒక గోడకూ, పాదాలు ఇంకో గోడకూ తగిలాయి.

"ఎనుకకు రాండ్రి!" అన్నాను.

"ఎనుక దర్వాజ చౌకట్ తాకుతదన్నా!"

"అయితె ఎడమకు తిప్పుండ్రి!"

"ఎవ్వరి ఎడమ? నీదా, మాదా?"

"సచ్చినోనివి, నువ్వు మాట్లాడొద్దు!" అని ఎల్లయ్య నన్ను గదిమాడు. "ఇగ నిలవెట్టుడే!"

నిలబెట్టారు. పలక నిలబడింది, నేను నిలబడలేదు. తాటిచెట్టంత ఎత్తు నుంచి కంకర మీద పడ్డాను. తాటిచెట్టు కాదు, నడుమెత్తు. కంకర మాత్రం నిజం.

అవ్వ మెల్లగా వచ్చి నా జుట్టులో రాళ్ళు ఏరింది.

"తాకిందా బిడ్డా?"

"తాకిందవ్వా."

"నువ్వంటె లేస్తవు. నేను లేవ గద."

పాస్టరయ్య ఓదార్పుగా, "కడవరి దినాన లేస్తవు శాంతమ్మా" అన్నాడు.

"లేస్తనయ్యా. గని ముందు నన్ను లోపటికి తేవాలె గద!"

మర్నాడు గడ్డపార పట్టి ఆ గోడను నేనే కూల్చానని మనవళ్ళకు చెబుతుంటాను. పట్టింది ఎల్లయ్య. నేను ఇంట్లో బోర్లా పడుకుని నడుముకు కాపడం పెట్టించుకుంటున్నాను. గోడ కూలిన చప్పుడు మాత్రం మంచం దాకా వినిపించింది.

కొన్నేళ్ళకు అవ్వ పోయింది. పెట్టెకు ఒక మూల నేను పట్టాను. ఎక్కడా వంచలేదు, తిప్పలేదు. సూటిగా, పడుకున్న మనిషిని పడుకున్నట్టే లోపలికి తీసుకెళ్ళి దించాం. పాట ఎత్తుకున్నాం. మధ్యలో బయట మేకలు అరిస్తే అందరం అటు చూశాం, పాస్టరయ్యతో సహా. అవ్వకు అభ్యంతరం ఉన్నట్టు నాకు తోచలేదు.

కాబట్టి సంఘం ఎదుట, సాక్షుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: సంఘంలో అందరికంటే పెద్ద వయసు మనిషిని అడగకుండా దేవుడి ఇంటికి ఇక ఒక్క గీత కూడా గీయను. చిక్కేమిటంటే, ఇప్పుడా పెద్ద వయసు మనిషిని నేనే. నన్ను నేను ఏమడిగినా సరేనంటున్నాను.