బర్మా భూతం భుజం పట్టిన ఎలిశబెతమ్మ

బిట్రగుంట రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసే ఎలిశబెతమ్మకు బైబిలు తర్వాత అంత శ్రద్ధగా చదివేది ఏదన్నా ఉందంటే, అది మద్రాసు పేపరు చివరి పేజీలో వచ్చే కుస్తీ వార్తే. ఆమె భర్త పేరు సమాధానం, గూడ్సు బండి గార్డు. మద్రాసు డ్యూటీ పడినప్పుడల్లా నాలుగు రోజుల పాత పేపర్లు కూడా ఏరి తెచ్చేవాడు. మల్లెపూలు తెచ్చినా ఆమె మొహం అంత వెలగదని ఆయనే నవ్వుతూ చెప్పేవాడు.

ఈ పిచ్చి ఆమెకు పందొమ్మిది వందల యాభై ఆరులో పట్టుకుంది. చెల్లెలి కానుపుకని మద్రాసు పోతే, మరిది ఒక సాయంత్రం ఫ్రీస్టైల్ కుస్తీకి తీసుకుపోయినాడు. రింగులో ఒకడు ఇంకొకణ్ణి తలకిందులుగా ఎత్తి చెక్కల మీద దబ్బున వేసినాడు. కట్టు కట్టేదానికి ఎవరూ పోరేమని ఈమె కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇంతలో పడినవాడు తల విదిలించుకుని లేచి, వేసినవాడి నడుము పట్టుకున్నాడు. ఎలిశబెతమ్మ మెల్లిగా కూర్చుంది. పది అడుగుల దూరంలో చూసింది కాబట్టి ఆమెకు ఒకటి అర్థమైంది. వాడు మెడ లోపలికి ముడిచి, వీపంతా ఒక్కసారి నేలకు ఆనించి పడినాడు. మంచం మీంచి పడి తొడ విరగ్గొట్టుకుని వచ్చే వాళ్ళను రోజూ చూసే మనిషికి, అట్లా పడటం ఎంత చదువో ఒకరు చెప్పనక్కరలేదు.

అప్పట్నుంచి కుస్తీ మీద ఆమెకు గట్టి అభిప్రాయాలు ఏర్పడినాయి. ముసుగు వేసుకుని రింగులోకి వచ్చేవాడు పని రాక మొహం దాచుకుంటున్నాడనేది. నిరుడు హంగేరీ వాడని బొమ్మ వేసినవాణ్ణే ఈ ఏడు టర్కీ వాడని వేస్తే, పందెం పెట్టించే కంపెనీ వాళ్ళు జనానికి కళ్ళు లేవనుకుంటున్నారని కోప్పడేది. ఇద్దరిద్దరు జట్లుగా దిగే కుస్తీలంటే అసలు గిట్టదు. అది సంత అంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, గెలిచేవాడికి దండలు వేస్తారు గానీ కష్టమంతా ఓడేవాడిదేనని ఆమె వాదం.

ఈ వాదాలకు రోజూ అడ్డం పడేది బుకింగ్ క్లర్కు సంజీవరావు. ఆయనకు కడుపులో మంట జబ్బు. మందు కోసం ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా, "అంతా నాటకం ఎలిశబెతమ్మా. గెలిచేదెవరో ముందే రాసిపెట్టుకోనుంటారు" అనేవాడు.

"మీరు ఒకసారి పడి చూడండి," అని ఆమె సీసాలో మందు పోసిచ్చేది.

అరవై ఒకటి ఎండాకాలంలో, బెజవాడ నుంచి మద్రాసు పోతున్న ఒక కుస్తీ బృందాన్ని లోకో షెడ్డు వాళ్ళు పిలిచి, ఫుట్‌బాల్ మైదానంలో ఒక సాయంత్రం ఆట పెట్టించినారు. ఊరంతా పోస్టర్లు. ఢిల్లీ కేసరితో బర్మా భూతం ఢీ. భూతం బొమ్మ కింద, ఇతడు పచ్చిమాంసం తప్ప ముట్టడు, మనుషుల భాష ఎరుగడు అని రాసినారు. ఎలిశబెతమ్మ డ్యూటీ మార్పించుకుని, ముందు వరుసలో ఆడవాళ్ళ బెంచీ మీద కూర్చుంది.

భూతం నున్నటి గుండుతో, రొమ్ము దాకా గడ్డంతో, గుర్రుమంటూ వచ్చినాడు. చంటిబిడ్డలు ఏడ్చినారు. కేసరి చక్కనోడు. పావుగంట పోరాటం తర్వాత కేసరి భూతాన్ని భుజాన వేసుకుని తాళ్ళ మీదుగా బయటికి విసిరినాడు. ఒక తాడు వదులై ఉండటంతో విసురు ఎక్కువైంది. భూతం నేరుగా ఆడవాళ్ళ బెంచీ మీదికి వస్తున్నాడు. గాలిలోనే ఒళ్ళు మెలి తిప్పి, బెంచీకి జానెడు ఇవతల బొగ్గునుసి మీద ఎడమ భుజం ఆన్చి పడినాడు.

అది నేర్చుకున్న పడటం కాదని ఎలిశబెతమ్మకు తెలిసిపోయింది. భుజం కీలు జారింది. అయినా వాడు లేచి, వేలాడే చేతిని నడుముకు ఆన్చుకుని, మళ్ళీ రింగు ఎక్కి గర్జించినాడు. కేసరి ఒక్క చూపు చూసినాడు. ఆ తర్వాత అతని దెబ్బలన్నీ కుడివైపే పడినాయి. రెండు నిమిషాల్లో కుస్తీ ముగిసింది. జనం కేసరిని ఎత్తుకున్నారు. ఎలిశబెతమ్మ భూతం వెనకాలే నడిచింది.

ఆసుపత్రిలో భూతం చంకలో దుప్పటి చుట్టి ఆమె ఒకవైపు గట్టిగా పట్టుకుంటే, డాక్టరు గారు చెయ్యి పట్టి లాగినాడు. కీలు లోపలికి పోయిన చప్పుడుతో పాటే, మనుషుల భాష ఎరుగని ఆ మనిషి, "ఓయమ్మో, సచ్చిపోయినానే" అని గావుకేక పెట్టినాడు.

డాక్టరు గారు చేతులు కడుక్కునేదానికి పోయినాక, ఎలిశబెతమ్మ కట్టు కడుతూ అడిగింది. "నీ పేరేందబ్బయా?"

అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించినాడు. "పోలేరయ్య అక్కా. మా నాయినది ఈ పక్క సముద్రం ఒడ్డున జువ్వలదిన్నె. పడవలు వదిలి బర్మా దేశం, రంగం పోయి రేవులో మూటలు మోసినాడు. నేను ఆడనే పుట్టినా. ఎవురికీ చెప్పబాక అక్కా. నేను తెలుగోణ్ణని తెలిస్తే ఇంక నన్ను చూసి ఎవురు బయపడతారు?"

"ఆసుపత్రిలో మాట గడప దాటదులే. ఏం తింటావు?"

"చేపల పులుసు ఉండాదా?"

ఇంటి నుంచి తెప్పించింది. పచ్చిమాంసం తప్ప ముట్టనివాడు వంజరం పులుసుతో మూడుసార్లు అన్నం వడ్డించుకున్నాడు. మధ్యలో ఢిల్లీ కేసరి సంచీ నిండా బత్తాయిలతో వచ్చి, మంచం పక్కన కూర్చుని, ఒక్కొక్కటే వలిచి చేతికిచ్చినాడు. విసురు ఎక్కువైనందుకు అతని కళ్ళల్లో నీళ్ళు. ఎనిమిదేళ్ళుగా ఇద్దరూ ఒకే గదిలో ఉంటున్నారట.

మరునాడు పొద్దున సంజీవరావు షెడ్డులో నలుగురిని వెంటేసుకుని ఆసుపత్రి వరండాలోకి వచ్చినాడు.

"నువ్వు దగ్గరుండి చూసినావు. ఇప్పుడు చెప్పు, నాటకమా కాదా?"

"కీలు జారింది నిజం. నేనే పట్టుకున్నాను."

"అది సరే. గెలుపోటముల సంగతి?"

అబద్ధం చెప్పే అలవాటు ఎలిశబెతమ్మకు లేదు. "ముందే అనుకోనుంటారు. నాకు ఎప్పట్నుంచో తెలుసు. బండి మద్రాసు పోతుందని తెలిసే కదా సంజీవరావు గారూ మీరు టికెట్టు కొడతారు. అందుకని డ్రైవరు చేసేది నాటకమా?"

షెడ్డు వాళ్ళు పగలబడి నవ్వినారు, అందులో ముగ్గురు డ్రైవర్లే మరి. సంజీవరావు మాట మారుస్తూ, "ఇంతకీ ఆ భూతం ఏ భాష మాట్లాడినాడు?" అన్నాడు.

"రోగుల మాటలు బయట చెప్పను. మీ కడుపు మంట సంగతి నేను ఎవరికన్నా చెప్పినానా?" అందామె. ఆ మాట చెవిన పడినవాళ్ళకు ఆయన కడుపు మంట సంగతి ఆ పూటే తెలిసింది.

బృందం మద్రాసు పోయింది. నెలరోజులు చెయ్యి కదపకూడదని పోలేరయ్య ఆగిపోయినాడు. అతని మేనత్త ముసలమ్మ జువ్వలదిన్నెలో ఉందట, ఎప్పుడూ చూసింది లేదు. పోను భయంగా ఉందన్నాడు. ఆదివారం చర్చి కాగానే ఎలిశబెతమ్మ, సమాధానం కలిసి అతణ్ణి బండెక్కించి తీసుకుపోయినారు. ఎండుచేపలు తిరగేస్తున్న ముసలమ్మ తలెత్తి ఆ గుండూ గడ్డమూ చూసి, బెదరలేదు. దగ్గరికి వచ్చి గడ్డం ఎత్తి పట్టుకుని, "చెవులు మా అన్నవే," అని గడ్డం వదలకుండానే ఏడ్చింది. తర్వాత ఇంత బక్కచిక్కినావేమని తిట్టి కూడు పెట్టింది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో పోలేరయ్య మద్రాసు రమ్మని జాబు రాసినాడు. ఎలిశబెతమ్మ ముసలమ్మను వెంటబెట్టుకుని పోయింది. అన్నీ ముందే విడమరిచి చెప్పింది. ఇది పని, దెబ్బ తగలకుండా పడతారు, ఓడటమే వాడి ఉద్యోగం అని. ముసలమ్మ అన్నిటికీ తలూపింది. తీరా కేసరి మేనల్లుడి మెడ వంచేసరికి కొంగు నడుముకు చుట్టి రింగు వైపు పరుగెత్తింది. ఎలిశబెతమ్మ రెండు చేతులా ఆమె నడుము పట్టుకుని ఆపింది. కుస్తీ అయినాక కేసరి కిందికి దిగి వచ్చి, అందరి ఎదుటా ముసలమ్మ కాళ్ళకు మొక్కినాడు.

"ఇదేం పని నాయనా," అని ఎలిశబెతమ్మ ఆ తర్వాత అతణ్ణి మందలించింది. "లోపల గదిలో మొక్కాల్సింది. జనం ఏమనుకుంటారు?"

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ముసలమ్మ పెట్టె మొత్తానికీ చెప్పింది, బర్మా భూతం తన సొంత మేనల్లుడని. ఒక్కరు నమ్మితే ఒట్టు. ఎలిశబెతమ్మ కిటికీ పక్కన వేరుసెనక్కాయలు ఒలుచుకుంటూ, నమ్మకపోవడమే వాడికి మేలని ఊరుకుంది.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఇద్దరూ ఏటా పోయినారు. రెండో ఏటికల్లా ముసలమ్మకూ అభిప్రాయాలు వచ్చేసినాయి. రెఫరీకి కళ్ళు కనపడవని ఒకటి, జట్ల కుస్తీయే అన్నిటికన్నా బాగుంటుందని ఇంకొకటి. ఈ రెండోదాని మీద గూడూరు నుంచి బిట్రగుంట దాకా ఎలిశబెతమ్మ ఎన్నిసార్లు పోట్లాడినా, ముసలమ్మ మాట మార్చుకోలేదు.