తువ్వాలు కింది ధర

ధర అనేది ఒక వాస్తవమనీ, వెళ్లి అడిగి రాసుకురావడమే నా పని అనీ మా ఆచార్యులుగారు చెప్పి పంపారు. నేను వాణిజ్య శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. సంతలో పశువుల ధర ఎలా తేలుతుందన్నది నా అధ్యాయం. నెలాఖరుకి అది ఇవ్వకపోతే వచ్చే ఏడాది ఉపకారవేతనం ఉండదు. ఇంతలో తత్త్వశాస్త్రం మాస్టారు కాఫీ తాగుతూ, "చేసేవాడు ఏమనుకుని చేస్తున్నాడో తెలియకుండా నువ్వు రాసేది అంకెలే గాని జ్ఞానం కాదయ్యా" అని ఇంకో ముల్లు గుచ్చారు. ఇద్దరూ పెద్దవాళ్లే, ఇద్దరి మాటా నిజంలాగే ఉంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది నా పని. ఆ అయోమయంతోనే పన్నెండు గళ్ల పట్టిక ఒకటి గీసుకుని బయలుదేరాను.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు విజయనగరంలో పొద్దున ఆరింటి పాసింజరు ఎక్కండి. చీపురుపల్లికి గంట పైచిలుకు పడుతుంది, మూడో తరగతి టిక్కెట్టు ఆరణాలు. బస్సును నమ్ముకోవద్దు. ఈ యుద్ధం మూలాన పెట్రోలు లేక బొగ్గుతో నడుపుతున్నారు, ఎక్కడ ఆగితే అక్కడే మన మజిలీ. స్టేషను నుంచి సంత దాకా జట్కాకి రెండణాలు ఇచ్చాను.

"ఏటి బాబూ, ఎడ్లు కొంతారా?" అన్నాడు జట్కావాడు.

"కొనను. ధర తెలుసుకోవాలి."

"కొననోడికి దరెందుకు బాబూ?" అన్నాడు నిజంగానే తెలియక. ఆచార్యులవారి పుస్తకాల్లో దీనికి జవాబు ఉండే ఉంటుంది.

ఎనిమిదింటికే సంత కిటకిటలాడుతోంది. తెల్లటి జోడీ ఒకటి పట్టుకుని నిలబడ్డ సూర్నాయుడు అనే రైతు పక్కన చేరాను. ఎండల్లో ఆయన ఇల్లు అంటుకుని కాలిపోయిందట. వానలొచ్చేలోగా కప్పు వేసుకోవాలని ఎడ్లను తోలుకొచ్చాడు. పాలకొండ వైపు నుంచి వచ్చిన ఆసామి ఒకడు బేరానికి దిగాడు. దళారీ పైడయ్య వాళ్లిద్దరి చేతుల మీద తన తువ్వాలు కప్పాడు. ఇక లోపల ఒక్కో వేలికి ఇంత అన్న లెక్కన వేళ్లు పట్టుకుని నొక్కుకోవడమే తప్ప ధర పైకి చెప్పుకోరు. పైడయ్య మాత్రం ఎవరూ అడగని అంకెను సంతంతా వినేలా అరుస్తున్నాడు.

నేను ఆ అంకె రాసుకోబోయి, "ఇదేనా ధర?" అన్నాను.

"అది సంతకి సెప్పేది. ఏళ్లతో సెప్పుకునేది ఆళ్లిద్దరిదీ," అన్నాడు పైడయ్య.

"మరి ఏది నిజం?"

"రెండూ నిజమే. నీకేది కావాలో సూసుకో."

నా పట్టికలో ధరకి ఒక్కటే గడి ఉంది. అప్పుడే నా బుద్ధి గడ్డి తింది. చదువు కోసమే అడుగుతున్నానని, ఒక్కసారి తువ్వాలు తీసి బేరమాడమని సూర్నాయుణ్ణి బతిమాలాను. నా టోపీ, కాగితాలు చూసి ఎవరో ఆఫీసరుననుకున్నాడు కాబోలు, కాదనలేక తనే తువ్వాలు లాగేశాడు. ఎండలో ఆ రెండు చేతులూ బట్టబయలయ్యాయి. పాలకొండ ఆసామి నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుని, కర్ర పుచ్చుకుని వెళ్లిపోయాడు.

"ఆఫీసరు దరలు రాస్తన్నాడ్రా, బియ్యానికి లాగే ఎడ్లక్కూడా కంట్రోలు దర కడతారు," అని ఎవరో అన్నారు. కొనేవాళ్లు ఒక్కొక్కరే ఆ వరస వదిలిపోయారు. నేను చూద్దామని వచ్చిన బేరమే నేను చూడబోయేసరికి లేకుండా పోయింది.

సూర్నాయుడు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మళ్లీ సంత వారానికి బాబూ. ఈలోగా వాన రాకుంటే సాలు," అన్నాడు ఎద్దు మెడ నిమురుతూ. ఆకలేసి అంబలి తాగబోతే, పోసే ఆవిడ కూడా "నువ్వేనా ఆ కాయితాల బాబువి?" అని ముంత పక్కన పెట్టేసింది.

పరుగున వెళ్లి పైడయ్య కాళ్లావేళ్లా పడ్డాను.

"ఆ టోపీ తియ్యి. అందరూ సూసేలా కాయితం సింపు," అన్నాడు.

పొద్దుటి నుంచి కష్టపడి నింపిన గళ్లు, నా అధ్యాయం, ఉపకారవేతనం అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అయినా నడి సంతలో నిలబడి చింపేశాను. జనం గొల్లున నవ్వారు. "ఎర్రిబాగులోడురా, ఆఫీసరు కాదు," అంటూ పైడయ్య ఆ నవ్వును సంతంతా తిప్పాడు. మధ్యాహ్నం దాటాక పాలకొండ ఆసామి తిరిగొచ్చాడు. మళ్లీ తువ్వాలు కప్పారు. నేను అటు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి ఎడ్ల పలుపులు చేతులు మారాయి.

సూర్నాయుడు నా దగ్గరకొచ్చి, తన పైబట్ట నా చేతి మీద కప్పాడు. లోపల నా వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా నొక్కాడు. "అడగలేదు గదా, అందుకు సెప్తన్నాను. రాయకు," అన్నాడు.

రాయలేదు. అధ్యాయంలో ధర అన్న గడి ఖాళీగా వదిలి, ఎందుకు వదిలానో కింద నాలుగు పేజీలు రాసి ఇచ్చాను. ఆచార్యులుగారు ఇంకా ఏమీ అనలేదు. ఉపకారవేతనం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఒకరికి చెప్పడానికి వీల్లేనిది జ్ఞానమవుతుందా అంటే అదీ తెలియదు. వెళ్లేటప్పుడు ఉన్న అయోమయం రెండింతలై తిరిగొచ్చింది. కానీ ఆ రోజు చీపురుపల్లి సంతలో ఆ జోడీ ఎంతకి పోయిందో నా కుడిచేతికి తెలుసు. మీలో ఎవరైనా ఆ సంతకి వెళ్లేట్టయితే, పట్టిక బసలోనే వదిలేసి భుజాన ఒక తువ్వాలు వేసుకుని వెళ్లండి.