రోడ్డును ఆఖరి బంతికి ఆపిన ఆడవాళ్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అందరికీ చెబుతుంది. ఆ కోపమే నాకు డాక్టరేట్ తెచ్చిపెట్టిందని మాత్రం ఎవరికీ చెప్పదు.

నేను కోదాడలో ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు చెబుతాను. పుట్టింది మిర్యాలగూడలో, మెట్టింది సూర్యాపేటలో. అందుకే పరిశోధనకు ఈ మూడు ఊళ్లనే పట్టుకున్నాను. తాగునీళ్లు, మురుగు పారే మోరీలు, చెత్త, రోడ్లు, చెట్లు, చేతికి పని, ఈ ఆరింటినీ ఒకే తక్కెడలో పెట్టి, ఏ ఊరి పెరుగుదల మన పిల్లల కాలం దాకా నిలుస్తుందో తూచాలి. తూచాలంటే ముందు దేనికెంత బరువో తేలాలి. ఇంజనీర్లనూ అధికారులనూ అడిగి ఆ బరువు కట్టడం రివాజు. నేను వాడల్లోని ఆడవాళ్లనూ అడుగుతానన్నాను. మా గైడ్ సారు సరే అడుగు, చూద్దాం అన్నారు గానీ ఆ గొంతులో నమ్మకం లేదు.

మొదట మా అమ్మ ఉండే వాడకే వెళ్లాను. నేల మీద సుద్దతో ఆరు గళ్లు గీసి, ఒక్కొక్కరి చేతిలో గుప్పెడు చింతగింజలు పోసి, ఏది ఎక్కువ అవసరమో దాని గడిలో ఎక్కువ వేయమన్నాను. వాళ్లు మొహమొహాలు చూసుకుని అన్నింటిలోనూ సమంగా వేశారు. మా అమ్మయితే మిగిలిన గింజలను ఏ గడికీ దక్కకుండా నా ఒళ్లో పోసింది. ఇదేంటమ్మా అంటే నన్నే వింతగా చూసింది.

"ఒక్క బంతిల కూసున్నోళ్లకు ఒకలకెక్కువ, ఒకలకు తక్కువ ఏస్తమా బిడ్డా? పాపం గాదా?"

సూర్యాపేటలో అదే తంతు, కోదాడలోనూ అదే. దేనిలోనూ ఒకరి మాట ఒకరు ఒప్పుకోని మూడు ఊళ్లు ఇందులో మాత్రం ఒక్కటయ్యాయి! అన్నింటికీ సమానమైన బరువంటే బరువు కట్టనట్టే. ఆడవాళ్ల భాగం తీసేసి నిపుణుల లెక్కతో ముగించమన్నారు సారు. బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాను. దుఃఖంతో కాదు, ఒళ్లుమంటతో. వాళ్ల మాట లేని థీసిస్ నాకెందుకు?

ఆ తర్వాత మేళ్లచెరువులో చుట్టాలింటి గృహప్రవేశానికి వెళ్లాం. జనం ఎక్కువ, జాగా తక్కువ. మా అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి, చంటిపిల్లల తల్లులను, షుగరున్న వాళ్లను, సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీకి పోయేవాళ్లను మొదటి బంతికి పంపింది. మిగతావాళ్లను ఆగమంది. ఒక్కరూ నొచ్చుకోలేదు. నేను సాంబారు బకెట్‌తో అట్లాగే నిలబడిపోయాను. భేదం వడ్డనలో పాపం గానీ, కూర్చోబెట్టడంలో కాదు కదా! వరుసను బట్టి బరువు కట్టే పద్ధతి నా శాస్త్రంలోనే ఉంది. అడగాల్సింది ఎంత అని కాదు, ఎవరు ముందని. అమ్మ మాత్రం ఎప్పటిలాగే ఆఖరి బంతిలో, అడుగంటిన పప్పుతో తిన్నది.

మళ్లీ మూడు ఊళ్లూ తిరిగాను. ఈ ఆరూ మీ ఇంటికి భోజనానికొచ్చాయి, జాగా లేదు, ముందు ఎవరిని కూర్చోబెడతారని అడిగాను. ఒకటే నవ్వులు, ఆ వెంటనే ఒకటే కొట్లాట. కోదాడలో నీళ్లు ముందు కూర్చున్నాయి, మిర్యాలగూడలో మోరీలు. సూర్యాపేటలో ఒకామె రోడ్డును ఆఖరి బంతికి ఆపేసింది.

"రోడ్డుకేంది, ఏటేటా పైసలు తినొచ్చినోడే గదా. ఆగుతడు తియ్యి."

ఆ లెక్క కడితే నిపుణుల లెక్కలో తేలిన ఊళ్ల వరుస తలకిందులైంది. ఏ ఊరు ముందో ఇక్కడ రాయను. రాస్తే మూడు బస్టాండ్లలోనూ నాకు చాయ్ పుట్టదు.

వైవా రోజు అమ్మ వెనక కుర్చీలో కూర్చుంది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, వంటింటి వాళ్ల మాటను నిపుణుల మాట పక్కన ఎట్లా పెట్టారని అడిగారు. నా ముక్కు ఎర్రబడి ఉంటుంది.

"మోరీ పొంగితే ఆ నీళ్లు ఎత్తిపోసేది వాళ్లే సార్. మీరు నిపుణులంటున్న వాళ్లలో ఒక్కరైనా ఎత్తిపోశారా?"

గైడ్ సారు తల వంచుకుని నవ్వడం చూశాను. ఆడవాళ్ల భాగం ఒక్క అక్షరం పోకుండా నిలిచింది. గర్వంగా ఉండదా మరి? ఇప్పటికీ ఉంది, ఎందుకు దాచాలి!

విందు అమ్మ వాడలోనే, షామియానా కింద పెట్టాను. సారునూ, కాలేజీ వాళ్లనూ ఆగమని, గింజలు వేసిన ఆడవాళ్లను మొదటి బంతిలో కూర్చోబెట్టాను. అమ్మ ఎంతకీ కూర్చోదు, వడ్డిస్తానంటుంది. భుజం పట్టి కూర్చోబెట్టాను. విస్తరి ముందు చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా ఆమెకు తెలియలేదు. నాకు కళ్లు నిండి, ఆమెకు ఇంకో గరిటె పప్పు వేయబోయాను. అమ్మ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి పక్కామె విస్తరి వైపు చూసింది.

"ముందుగాల ఆమెకు గూడ ఎయ్యి, డాక్టరమ్మా."