చింతామణి కల్లంగడిలో నా బియస్సీ

ఆ కాలంలో బాగేపల్లి నుంచి బెంగళూరికి చదువుకోవడానికి పోయినవాడంటే ఊళ్ళో సగం మందికి లాయరు, మిగతా సగం మందికి అమల్దారు (మీ వైపు తాసిల్దారు). ఈ రెండూ కాక మూడోది ఒకటుంటుందని ఎవరికీ తోచేది కాదు. నేను సరిగ్గా ఆ మూడోదానికే పోయాను. లెక్కల్లో సీట్లు నిండిపోయాయన్నారు. రసాయనశాస్త్రంలో చేర్చుకున్నారు గానీ, నా చేతిలో గాజు నిలవదని వారం తిరక్కుండానే కనిపెట్టారు. పగలగొట్టడమే పనిగా ఉన్న చదువు ఏదైనా ఉందా అని విచారిస్తే జియాలజీ అని తేలింది. అక్కడ సుత్తి కూడా వాళ్ళే ఇస్తారు.

మా నాయన గుళ్ళో అర్చకుడు. సంగతి విని చేతిలోని హారతిపళ్ళెం కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, "నలభై ఏండ్లుగా నేను రాయికి దండం పెడతాండా. నువ్వు దాన్ని సుత్తితో కొట్టి పాసయితానంటాండావు. సరే. అయినా రాళ్ళు చదివేదానికి బెంగళూరు దాకా పోవల్నా? మన కొండ కింద తక్కువుండాయా?" అన్నాడు. మా అమ్మ మాత్రం, "పోనీండి, కరిచేటివి కాదు గదా" అని నా పక్షాన నిలబడింది. చివరికి నాయన ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఒకే తూరి పరీక్ష. పాసయితే నా దోవ నాది. తప్పితే సుత్తి అక్కడే పారేసి వచ్చి, గుళ్ళో ఆయన పక్కన నిలబడాలి. నాకు గుడి మీద కోపం లేదు (తెల్లారుజామున చన్నీళ్ళ స్నానం మీద కొంచెం ఉండేది). కానీ అప్పటికే నాకు రాళ్ళ పిచ్చి పట్టేసింది. మిట్టేమరి దారిలో కాలికి తగిలితే తిట్టుకునే మామూలు రాయిని కాగితం కన్నా పల్చగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, లోపల ఎన్ని రంగులో. మొదటిసారి చూసిన రోజు హాస్టల్లో అన్నం సయించలేదు. అప్పటి నుంచీ ఆ రంగుల్ని వదులుకుని బతకలేననే అనుకున్నాను. పందొమ్మిదేళ్ళ వాడు ఇలాంటి మాట సాధారణంగా అమ్మాయి గురించి అంటాడు. నేను గుండుబండల గురించి అన్నాను.

మా ప్రొఫెసరుగారిని మేము సుత్తి మేష్ట్రు అనేవాళ్ళం. పెళ్ళిళ్ళకు కూడా జేబులో సుత్తి పెట్టుకునే వస్తారని ప్రతీతి. ఆఖరి సంవత్సరం సెలవులకు ముందు ఆయన మమ్మల్నందరినీ నిలబెట్టి తీర్పు చెప్పారు. ఎవడి సీమ వాడు కాలినడకన తిరిగి పటం గీయాలి. నలభై రాళ్ళు తేవాలి. ప్రతి రాయీ వాడే కొట్టింది కావాలి, అరచేతిలో ఇమిడేంత కొలతకు చెక్కాలి. కాలేజీ తెరిచిన రోజు బల్లమీద నలభై లేకపోతే వాడు పరీక్ష హాలు గడప తొక్కనక్కరలేదు. ముప్పయ్యైదైతే పరవాలేదా అని ఒకడు అడిగాడు. ఆయన వాడివైపు కాక సుత్తివైపు చూశారు.

ఆ సెలవులంతా నేను ఎండలో పడి తిరిగాను. మిట్టేమరి దగ్గర ఒక రైతు చేను గట్టుమీద నిలబడి నన్ను చాలాసేపు గమనించి, "యాం చేస్తాండావు సామీ?" అని అడిగాడు.

"రాయి కొడతాండా పెద్దాయనా."

"అది కనపడతాండాది. యాలంట?"

"ఇదే నా చదువు."

ఆయన తలగుడ్డ సర్దుకుని, "మా చిన్నోడు గూడా బళ్ళోకి పోకుండా రాళ్ళు కొడతా తిరుగుతాండాడు. చదువుకుంటాండాడని తెలీక తిడతాంటి" అని నొచ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

సెలవులు ముగిసేసరికి ముప్పయ్యెనిమిది రాళ్ళు పోగయ్యాయి. ఒక్కోదానికీ గంజితో కాగితం ముక్క అంటించి నంబరు వేశాను. ఏ నంబరు ఎక్కడిదో, చూడ్డానికి ఎలా ఉంటుందో నోటు పుస్తకంలో రాసుకున్నాను. మిగిలిన రెండు రాళ్ళూ పేరేసంద్ర, మండికల్ వైపు దొరకాలి. అందుకని పెట్టెను ముందుగా బస్సులో చింతామణిలో ఉన్న మా చిన్నాయన ఇంటికి పంపి, నేను నడిచి ఆ రెండూ కొట్టుకుని మూడోనాటికి చింతామణి చేరి, మర్నాడు తెల్లవారి రైల్లో పెట్టెతో సహా బెంగళూరు పోవాలని ఏర్పాటు. అది యుద్ధకాలం. బస్సులు బొగ్గుతో నడిచేవి, ఏ మూట ఎక్కించినా లోపలేముందో పైన రాయాల్సిందే. నాయనా నేనూ చెరో పక్కా పట్టి పెట్టెను బస్సు దగ్గరికి మోసుకుపోయాం. బస్సు గుమాస్తా మసిబొగ్గు ముక్క నా చేతికిచ్చాడు.

"లోపలేముండాదో పైన రాయి సామీ."

"రాయే" అన్నాను.

"అదే గదా, రాయమంటాండా."

"అదే, రాయి."

"నేను రాస్తే ఒప్పరు సామీ, నువ్వే రాయల్ల."

ఈ గొడవ తెమిలేది కాదని, బడి చదువంతా కన్నడంలో చదివినవాణ్ణి కనక, కన్నడంలోనే మూడు వైపులా పెద్ద అక్షరాలతో 'కల్లు' అని రాసిపడేశాను. కన్నడంలో కల్లంటే రాయి. గుమాస్తా సంతోషించాడు. అచ్చం తెలుగులాగే కనపడే ఆ అక్షరాలు తెలుగువాళ్ళ కంట పడితే ఏమవుతుందో, రెండు భాషలూ పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న నాకు ఒక్క క్షణం కూడా తట్టలేదు. మా సీమలో మేము ఏ మాట ఏ భాషదో చూసుకుని మాట్లాడం మరి.

మా చిన్నమ్మ కడప వైపు మనిషి. చింతామణిలో పదేళ్ళ కాపురం చేసినా కన్నడాన్ని ఇంటి గడప తొక్కనివ్వలేదు. మడీ ఆచారమూ మా నాయన కన్నా రెండాకులు ఎక్కువే. నేను చేరేసరికి వాకిట్లో ముగ్గు వేస్తోంది. చిన్నాయన కోలారు పోయాడట.

"చిన్నమ్మా, బస్సులో నా పెట్టె ఒకటి రావల్ల. వచ్చిందా?"

"వచ్చింది."

"యాడుండాది?"

"యాడుండల్నో ఆడుండాది." తల ఎత్తలేదు. "దేవునికి దీపం పెట్టే ఇంట్లో పుట్టి ఇదేం బుద్ధి నాయనా. పైగా పెట్టెమీద పేరు రాసి మరీ పంపిస్తివి. దాచుకోవల్లని గూడా తెలీకపాయె."

"ఏం పేరు చిన్నమ్మా?"

"ఆ మాట నా నోట పలకను" అని, చేతిలోని ముగ్గుపిండితోనే నేలమీద 'కల్లు' అని రాసి, నేను చదివానో లేదో చూసి, వెంటనే నీళ్ళు చల్లింది.

నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే సుత్తి మేష్ట్రు బల్ల గుర్తొచ్చింది. "అయ్యో, అది రాయి చిన్నమ్మా" అన్నాను.

"నాకూ చదువొస్తుంది. రాయికి దీర్ఘముంటాది."

"కన్నడంలో..."

"వాసన గూడా వచ్చింది" అంది, ఆ మాటతో వాదం ముగిసినట్టు. చిన్నమ్మ ఆ పెట్టెను ముట్టలేదు, తెరవలేదు. తెచ్చిన కూలివాడితోనే, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఎవరి సొత్తు వాళ్ళకే చేరాలని, తిన్నగా సంత వీధి చివర కల్లంగడికి పంపించేసింది. మా నాయనకు కార్డు కూడా రాసి పోస్టు చేసిందట.

అదివరకు నేను కల్లంగడి ఉన్న వీధి మొహం చూసినవాణ్ణి కాదు. నెత్తిన పిలక, చేతిలో సుత్తి, భుజాన రెండు రాళ్ళ సంచి, ఈ వేషంతో పట్టపగలు ఆ వీధిలోకి నడుస్తుంటే చింతామణి అంతా అరుగుల మీదకు వచ్చి చూస్తున్నట్టనిపించింది. వెనక్కి తిరిగి పోదామా అని ఒకసారి కాదు, నాలుగుసార్లు అనుకున్నాను. కానీ ఎల్లుండి కాలేజీ తెరుస్తారు. బల్లమీద నలభై లేకపోతే నా రంగులన్నీ ఆరిపోయినట్టే. పరువు పోతే పోనీ, రాళ్ళు పోకూడదు అని పళ్ళు బిగించి లోపలికి పోయాను. అంగడాయనకు మోచేతులంత మీసాలు.

"అన్నా, నా కల్లు నాకియ్యి" అన్నాను. కంగారులో నోటికి వచ్చిన మాట అది.

"చెంబు తెచ్చుకున్యావా సామీ?" అన్నాడాయన మర్యాదగా.

"తాగేది కాదన్నా. పెట్టెలోది."

"ఓ, ఆ గుండ్లా." ఆయన మొహం వికసించింది. "భలేగొచ్చినాయి సామీ. కుండలు దొర్లిపోతాంటే నెలనాళ్ళ నుంచీ అగచాట్లు పడతాంటి. యా పుణ్యాత్ముడో ఒకే సైజుకు చెక్కి పంపించినాడు."

చూస్తే ఏముంది, పన్నెండు ఈతకల్లు కుండలు, ఒక్కో కుండ కింద మూడేసి నా పరీక్ష. మిగిలిన రెంటిలో ఒకటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాడు, ఇంకొకటి ఎవరో తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. కుండలు ఖాళీ అయ్యాక తీసుకోమన్నాడు మీసాలాయన. ఎప్పటికి ఖాళీ అవుతాయంటే, "ఈపొద్దు సంత గాదు. జనం తక్కువ. రేపు మద్యాన్నానికి" అన్నాడు. అంటే చింతామణి జనం ఎంత తొందరగా తాగితే నాకు అంత తొందరగా డిగ్రీ వస్తుందన్నమాట. నా రైలు అంతదాకా ఆగదు. నేను చొక్కా చేతులు పైకి మడిచాను. వీధి చివర గుట్ట దగ్గరికి పోయి, ముప్పయ్యెనిమిది రాళ్ళు మళ్ళీ కొట్టి, అదే కొలతకు చెక్కి, నాలుగు విడతలుగా మోసుకొచ్చాను. మీసాలాయన నన్నూ రాళ్ళనూ మార్చి మార్చి చూసి, నోరెత్తకుండా కుండ ఎత్తాడు. ఆయన ఎత్తడం, నేను పాతవి లాగి కొత్తవి పెట్టడం. ఎత్తినప్పుడల్లా ఒక దోసెడు నా నెత్తిన. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, నేను పాలు కూడా తాగకుండానే తల నుంచి కాలి దాకా తడిశాను.

రాళ్ళన్నీ చేతికొచ్చాయి గానీ వాటిమీద ఒక్క కాగితమూ లేదు. కల్లుకు గంజి కరిగి నంబర్లన్నీ ఊడిపోయాయి. అన్నీ బూడిదరంగు, అన్నీ తడి, అన్నీ ఒకే వాసన. మూడేళ్ళు చదివినవాణ్ణి, పుస్తకంలోని అచ్చు బొమ్మల్లో ప్రతి రాయినీ గుర్తుపట్టేవాణ్ణి, ఇప్పుడు నేను కొట్టిన రాళ్ళు నాకే తెలియలేదు. అంగడి అరుగుమీద కూలబడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడ్చాను.

"యాలప్పా ఏడుస్తాండావు, ఎక్కువయిందా?" అన్నారెవరో పక్కనుంచి. చెంబు చేతిలో పట్టుకున్న ముసలాయన. చేతివేళ్ళు చూస్తేనే రాళ్ళు కొట్టి బతికినవాడని తెలుస్తోంది. సంగతంతా చెప్పాను. ఆయన చెంబు జాగ్రత్తగా కింద పెట్టి, ఒక రాయి తీసి గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇది తిరగలికి" అని పక్కన పెట్టాడు. ఇంకోటి నాలుకతో తాకి, "ఇది గడపకు. మిట్టేమరి దావలో ఉండాది, మా అన్నగాడు ఆడే కాలు ఇరగ్గొట్టుకున్యాడు." ఇంకోటి, "ఇది యాటికీ పనికిరాదు, దేవుడు తొందర్లో చేసినాడు." నేను పుస్తకం విప్పి వెంట వెంట చూసుకుంటున్నాను. తిరగలిరాయి అన్నచోట నా పుస్తకంలో గరుకు గ్రానైటు, గడప అన్నచోట చారల 'నైసు' రాయి, పనికిరానిచోట పలుగురాయి. కల్లు తాగడానికి వచ్చిన మరో నలుగురు తాగడం మరిచి చుట్టూ చేరారు. ఒక రాయి పేరేసంద్రదా కాదా అని ఇద్దరు కొట్టుకోబోయారు. ఆఖరున ముసలాయన నున్నటి నల్లరాయిని రెండు చేతులా పట్టుకుని, "ఇది మాత్రం దేవునికే. మద్దెలో చీలదు" అని కళ్ళకద్దుకున్నాడు. దీపాలు పెట్టే వేళకు ముప్పయ్యెనిమిదింటికీ నంబర్లు పడ్డాయి. ఏది ఏ రాయో చూడకుండా తడిమి చెప్పడం నేను ఆ మూడు గంటల్లో నేర్చుకున్నాను.

చిన్నమ్మ నన్ను వాకిట్లోనే ఆపి, బావి దగ్గర పదహారు బిందెలు పోయించింది. పెట్టె రాత్రంతా వీధిలోనే ఉంది, ఎవరూ ఎత్తుకుపోలేదు. మూత తీసి చూపించినా ఆవిడ మొహం అటు తిప్పుకుని, "పైన రాళ్ళు పరిస్తే కింద యాముండాదో యెవురికి తెల్సు" అంది.

కాలేజీలో సుత్తి మేష్ట్రు బల్లమీది నలభై రాళ్ళనూ లెక్కపెట్టి, ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, నా వైపు చూసి, కింద పెట్టారు. తర్వాత నల్లరాయి ముందుకు తోసి లక్షణాలు చెప్పమన్నారు. పుస్తకంలో ఉన్నదంతా నాలుక చివరే ఉంది. కానీ నోట్లోంచి వచ్చింది వేరే. "ఇది దేవుడికి చేసే రాయండీ. మధ్యలో చీలదు." గదిలో నవ్వులు. ఆయన నవ్వలేదు. ఎందుకు చీలదో చెప్పమన్నారు. చెప్పాను. ఎవరి దగ్గర నేర్చుకున్నావన్నారు. చింతామణిలో ఒక పెద్దాయన దగ్గరన్నాను. ఏ కాలేజీ అని అడగలేదు, నా అదృష్టం.

పాసయ్యాను. ఫలితాలు చెప్పడానికి ఇంటికి పోతే నాయన గుడి తలుపులు వేస్తున్నాడు. విని, "సరే, నీ దోవ నీది" అన్నాడు, అంతే. చిన్నమ్మ కార్డుకు ఆయన ఏం జవాబు రాశాడో నాకు చాలా ఏళ్ళకు చిన్నాయన చెప్పాడు. 'మావాడు పంపింది రాయే. బస్సు దాకా మోసింది నేను. మావాడు మొండోడు గానీ చెడ్డోడు గాదు' అని రాశాడట. ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాత ముప్పై ఏళ్ళు నేను ఉద్యోగం పేరుతో కొండలెక్కి దిగాను. మొన్న డాక్టరు నా మోకాళ్ళు అటూ ఇటూ తిప్పి చూసి, ఇక గుట్టలెక్కడం మానేయమన్నాడు. నేను బుద్ధిగా "సరేనండీ" అని ఇంటికొచ్చాను. గేటు తీస్తుంటే, నెత్తినుంచి కల్లు కారుతూ ముప్పయ్యెనిమిది రాళ్ళు మళ్ళీ కొట్టిన ఆ పిలక కుర్రాడు గుర్తొచ్చాడు. వాడైతే సరేననేవాడు కాదు.